పాత సీసం కొలిముల నేలలో మట్టి నమూనాలు తీయబోయే ముందు

సీసం కుళ్లిపోదు, ఆవిరైపోదు, వాననీటికి కరిగి లోతుకు దిగడమూ అరుదే. సీసాన్ని కరిగించిన కొలిమి పొగగొట్టం నుంచి రాలిన చోటే, పై కొద్ది అంగుళాల మట్టిలో దశాబ్దాల తరబడి ఉండిపోతుంది. కర్మాగారాన్ని కూల్చేసి అక్కడ ఇళ్లు కట్టినా, ఆటస్థలం వేసినా మట్టిలో ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. దాన్ని పరీక్షించే పనికి చాలాసార్లు మొదట పూనుకునేది విలేకరులు, విద్యార్థులు, ఆ వీధిలోనే కాపురం ఉండేవాళ్లు. ఈ జాగ్రత్తలు వాళ్ల కోసం.

అలాంటి స్థలం నుంచి మీతో పాటు బయటికి వచ్చేవి రెండు: దుమ్ము, అంకెలు. దుమ్ము మీ ఇంట్లోవాళ్లకు హాని చేస్తుంది. అంకె తప్పయితే వేరొకరి ఇంటికి హాని చేస్తుంది. మొదటిదాని గురించి అందరూ హెచ్చరిస్తారు. రెండోదానికీ అంతే భయపడాలని నా అభిప్రాయం.

ముందు కాగితాలు

చేతి తొడుగులు కొనడానికి ముందు పాత పటాలు వెతకండి. అమెరికాలో విలియం ఎకెల్, ఆయన సహచరులు 1931 నుంచి 1964 వరకు అచ్చయిన పారిశ్రామిక డైరెక్టరీలను తిరగేసి సీసం కరిగించిన స్థలాలు దాదాపు 640 తేల్చారు. వాటిలో 430 వరకు ప్రభుత్వ కాలుష్య జాబితాల్లో లేనే లేవని 2001లో ప్రచురించారు. ఆ పని మొదలైంది గ్రంథాలయంలో, మట్టిలో కాదు.

డైరెక్టరీలో చిరునామా దొరికిందని సంబరపడకండి. అది కొలిమి ఉన్న చోటు కాకుండా కంపెనీ కార్యాలయం కావచ్చు. వీధి నంబర్లు మధ్యలో మారి ఉండవచ్చు. అగ్ని బీమా కంపెనీలు గీయించిన పాత పట్టణ పటాలు ఇక్కడ బాగా పనికొస్తాయి. వాటిలో ఏ గదిలో కొలిమి ఉందో, పొగగొట్టం ఎక్కడ ఉందో కూడా గుర్తించి ఉంటుంది. రెండు వేర్వేరు ఆధారాలు ఒకే స్థలాన్ని చూపించేదాకా ఎవరి తలుపూ తట్టకండి.

కొలిమి ఏ రకానిదో తెలుసుకోండి. ఖనిజం నుంచి సీసం తీసినవి పెద్దవి. వాటి పొడవాటి గొట్టాలు దుమ్మును కిలోమీటర్ల దూరం పంపేవి. పాత బ్యాటరీలను, తుక్కును కరిగించినవి చిన్నవి, తరచుగా ఇళ్ల మధ్యనే ఉండేవి. అవి నడిచిన చోట నేలలో నల్లటి గట్టి రబ్బరు ముక్కలు, అంటే పాత బ్యాటరీ పెట్టెల చిప్పలు, ఇప్పటికీ కనిపిస్తాయి. వాటిని ఏరి జేబులో వేసుకోవద్దు, ఫొటో చాలు. కొలిమి చిట్టెం, అదే స్లాగ్, నల్లగా గాజులా మెరుస్తుంది. పల్లపు నేలలు పూడ్చడానికీ, దారులు వేయడానికీ దాన్ని తోలిన సందర్భాలు ఎన్నో. కాబట్టి కాలుష్యం గాలి వాటానే ఉండాలని లేదు, బండి వెళ్లిన దారినా ఉండవచ్చు.

ప్రమాదాల చరిత్ర కూడా చూడండి. అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో బంకర్ హిల్ కర్మాగారంలో పొగను వడకట్టే సంచుల గది 1973 సెప్టెంబరులో కాలిపోయింది. అయినా కొలిమిని ఆపలేదు. మరుసటి ఏడాది చుట్టుపక్కల పిల్లల రక్తంలో సీసం ప్రమాదకర స్థాయుల్లో బయటపడింది. ఏళ్ల సగటు లెక్కలు చూసుకుంటూ పోతే అలాంటి ఒక్క సంవత్సరం కంటికి ఆనదు.

ఎవరు వెళ్లకూడదు

గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఈ పనికి వెళ్లకూడదు. పిల్లలను, పెంపుడు కుక్కను వెంట తీసుకెళ్లకూడదు. కుక్క బొచ్చు దుమ్మును మీ చెప్పుల కంటే సమర్థంగా ఇంటికి చేరుస్తుంది.

నెలల తరబడి సాగే పనయితే మొదలుపెట్టే ముందే రక్తంలో సీసం ఎంతో పరీక్ష చేయించుకోండి. రక్తంలో సీసం సగానికి తగ్గడానికి సుమారు నెల పడుతుంది, ఎముకల్లోకి చేరినది మాత్రం దశాబ్దాలు ఉంటుంది. ముందు ఎంత ఉందో తెలియకపోతే తర్వాత వచ్చిన అంకెకు అర్థం ఉండదు.

ఖాళీ కడుపుతో బయల్దేరవద్దు. తిండి లేనప్పుడు పేగులు సీసాన్ని ఎక్కువగా పీల్చుకుంటాయి. స్థలంలోకి అడుగుపెట్టాక తినడం, తాగడం, పొగ తాగడం, గోళ్లు కొరకడం, పెన్ను నోట్లో పెట్టుకోవడం ఏదీ వద్దు. దాహం వేస్తే బయటికి వచ్చి, చేతులు, ముఖం కడుక్కుని తాగండి. చేతులు సబ్బు, నీళ్లతోనే కడగాలి. శానిటైజర్ జెల్ క్రిములకు మందే కానీ సీసాన్ని ఒక్క రేణువు కూడా తీయదు, అరచేతినిండా పులుముతుంది.

గాలి వీచే పొడి రోజున తవ్వకం పెట్టుకోవద్దు. తప్పకపోతే నమూనా తీసే చోటికి పక్కగా నేలను తడిపి దుమ్మును అణచండి, నమూనా చోటును మాత్రం తడపవద్దు. దుమ్ము లేస్తుందనుకుంటే ముఖానికి సరిగ్గా అతికే ఎన్95 లేదా అంతకన్నా మెరుగైన మాస్కు కట్టుకోండి. గడ్డం ఉంటే అది అతకదు, గుడ్డ మాస్కు ఎవరికీ సరిపోదు. పాడుబడిన కట్టడం ఇంకా నిలిచి ఉంటే లోపలికి వెళ్లకండి. గుంతలు, తుప్పుపట్టిన ఇనుము, కూలబోయే పైకప్పు ప్రాణం తీయడానికి సీసంలా ఏళ్లు తీసుకోవు. పైగా అలాంటి చోట ఆర్సెనిక్, కాడ్మియం, ఆంటిమొనీ వంటి ఇతర విషాలు కూడా ఉండే అవకాశం ఎక్కువ.

బూట్లు, పై బట్టలు అక్కడే విప్పి సంచిలో కట్టండి. కారులో నేలపై ప్లాస్టిక్ పట్టా పరిచి, స్టీరింగును, తలుపు పిడిని తడి గుడ్డతో తుడవండి. ఆ బట్టలను ఇంటి బట్టలతో కలపకుండా విడిగా ఉతకండి. ఇంట్లో పడిన దుమ్మును మామూలు వాక్యూమ్ క్లీనర్‌తో ఊడిస్తే సన్నటి రేణువులు వెనక నుంచి గదిలోకే వస్తాయి. తడి గుడ్డతోనే తుడవాలి.

కొద్దిపాటి మట్టికి ఇంత హడావుడి ఎందుకని అనిపించే వాళ్లు సెనెగల్‌లోని థియారోయ్-సుర్-మెర్ గురించి తెలుసుకోవాలి. పాత బ్యాటరీలను కరిగించిన ఆ నేలలో సీసం ముక్కలు దొరుకుతాయని జనం మట్టిని తవ్వి, సంచులకెత్తి, ఇళ్ల దగ్గర జల్లించారు. 2007 నవంబరు నుంచి 2008 మార్చి మధ్య అక్కడ 18 మంది పిల్లలు చనిపోయారు. కదలకుండా పడి ఉన్న మట్టి కంటే కదిపిన మట్టి చాలా ప్రమాదకరం. నమూనా కోసం మీరు చేసేది కూడా కదపడమే.

మట్టి తీసేటప్పుడు

ఇంటి యజమాని అనుమతి లిఖితపూర్వకంగా తీసుకోండి. అద్దెకు ఉన్నవారి మాట ఒక్కటే చాలదు. ఫలితం ఎవరికి చెబుతారో, ప్రచురిస్తారో లేదో, చిరునామా బయటపెడతారో లేదో ముందే చెప్పండి. కాలుష్యం ఉందని తెలిసిన యజమాని ఇల్లు అమ్మేటప్పుడు ఆ సంగతి దాచకూడదని కొన్ని దేశాల చట్టాలు చెబుతాయి. పరీక్షకు ఒప్పుకోవడం వాళ్లకు ఎంత పెద్ద నిర్ణయమో గుర్తుంచుకుని అడగండి.

పిల్లల చేతికి అంటేది పైమట్టి. కాబట్టి పై అంగుళం మట్టినే ముందు తీయాలి. లోతు నమూనా వేరు, దాని ప్రశ్న వేరు. గడ్డి లేని చోటు, ఊయల కింద, కూరగాయల మడి, ఇంటి చూరు కింద, వీధి అంచు: వీటిని ఒకదానితో ఒకటి కలపకూడదు. పెరడును ఒక్కో భాగంగా చేసుకుని, ప్రతి భాగంలో ఐదు చోట్ల కొద్దికొద్దిగా తీసి ఒకే నమూనాగా కలిపితే ఒక్క చోటి మట్టి కంటే నమ్మదగ్గ విలువ వస్తుంది. ఒక్క చోటే తీస్తే మీ చెంచాలో సీసం పొట్టు ఒకటి పడవచ్చు, పడకపోవచ్చు. పెరడు చరిత్ర అంతా ఆ పొట్టు మీద ఆధారపడకూడదు.

గోడకు మీటరు దూరంలోపు మట్టిలో ఉన్నది కొలిమి సీసం కాకుండా పాత రంగు పెచ్చు కావచ్చు. ఇళ్లకు సీసం రంగులను అమెరికా 1978లో నిషేధించింది. అంతకు ముందు కట్టిన ఇళ్లలో ఆ అనుమానం తప్పదు. రోడ్డు పక్క మట్టిలో పెట్రోలు సీసం ఉంటుంది. వాహనాలకు సీసం కలిపిన పెట్రోలు అమ్మిన చివరి దేశం అల్జీరియా ఆపేసింది 2021లో. కొలిమి వైపు నుంచి దూరం పోయేకొద్దీ, గాలి వీచే దిశను బట్టీ సీసం తగ్గుతూ వస్తోందా అని చూడటమే కొలిమిని గుర్తుపట్టే తొలి మార్గం. అందుకని కొలిమి గాలి తగలని దూరపు ప్రాంతంలో, అదే వయసు ఇళ్ల దగ్గర కూడా నమూనాలు తీయాలి. ఈ పోలిక నమూనాలు లేని పరిశోధనను, విషయం కోర్టుకు వెళ్తే, ఎదుటి న్యాయవాది పది నిమిషాల్లో పక్కన పెట్టేస్తాడు. ఇంకా తేల్చుకోవాలంటే ప్రయోగశాలలో సీసం ఐసోటోపుల, అంటే బరువులో కొద్దిగా తేడా ఉన్న సీసం పరమాణు రకాల, నిష్పత్తులు చూడవచ్చు. అది ఖర్చుతో కూడిన పని, ఒకే గని సీసం రంగులోనూ పెట్రోలులోనూ వాడి ఉంటే దానికీ పరిమితులు ఉన్నాయి.

ఒక నమూనా తర్వాత చెంచాను, పారను కడిగి తుడవకుండా మరో చోట పెట్టవద్దు. ప్రతి సంచి మీద చోటు, లోతు, తేదీ, సమయం, తీసిన వారి పేరు అక్కడికక్కడే రాయండి. సాయంత్రం గుర్తుంచుకుని రాస్తామనుకోవద్దు. సంచి ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో సంతకాలతో ఒక కాగితం నడవాలి.

చేతి యంత్రం చెప్పే అంకె

తుపాకీలా చేతిలో పట్టుకునే ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రం ఎక్స్ కిరణాలతో మట్టిలోని లోహాలను కొలుస్తుంది. ఒకటి రెండు నిమిషాల్లో పీపీఎం, అంటే పది లక్షల భాగాల మట్టిలో సీసం ఎన్ని భాగాలో, చూపిస్తుంది. ఆ వేగమే మోసం చేస్తుంది. అది చూసేది పైన మిల్లీమీటరు మందమే. మట్టిలో తేమ 20 శాతం దాటితే విలువ గణనీయంగా తప్పుతుంది, సాధారణంగా తక్కువ చూపిస్తుంది. రాయి అడ్డొచ్చినా, నేల ఎగుడుదిగుడుగా ఉన్నా అంతే. నమూనాను ఆరబెట్టి, 150 మైక్రాన్ల జల్లెడ పట్టి కొలవడం మేలు. చేతులకు అంటుకుని నోటికి చేరేది ఆ సన్నటి మట్టే. అయితే ఈ మొత్తం పనిలో అత్యంత ఎక్కువ దుమ్ము లేచేది జల్లెడ పట్టేటప్పుడే. దాన్ని ప్రయోగశాలకు వదిలేయండి. వంటింటి ఓవెన్‌లో ఆరబెట్టడం, గిన్నెల జల్లెడ వాడటం అసలు ఆలోచనలోకే రాకూడదు.

యంత్రం నుంచి వచ్చేవి ఎక్స్ కిరణాలు. మట్టి సంచిని చేత్తో పట్టుకుని దాని మీద గురిపెట్టవద్దు. కింద ఎవరి కాళ్లయినా ఉన్న బల్ల మీద సంచిని పెట్టి కిందికి గురిపెట్టవద్దు. చాలా దేశాల్లో దీన్ని వాడటానికి శిక్షణ, అనుమతి పత్రం కావాలి.

రోజు మొదట్లో, మధ్యలో, చివర తెలిసిన ప్రమాణ మట్టితో యంత్రాన్ని సరిచూడండి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ తయారుచేసిన 2711ఎ అనే మట్టిలో సీసం 1,400 పీపీఎం ఉంటుంది. యంత్రం అక్కడ 1,000 చూపిస్తే ఆ రోజు లెక్కలన్నీ పక్కన పెట్టాల్సిందే. ఆర్సెనిక్ విలువను సీసం ఎక్కువున్న మట్టిలో నమ్మవద్దు. రెండింటి ప్రధాన కిరణాల శక్తీ దాదాపు ఒకటే, 10.5 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, కాబట్టి యంత్రం తికమకపడుతుంది. ప్రతి 20 నమూనాల్లో కనీసం ఒకటి ప్రయోగశాలకు పంపి సరిపోల్చాలి. ఎక్కువ వచ్చినవే ఏరి పంపడం తప్పు. హద్దు దగ్గర ఉన్నవి, తక్కువ వచ్చినవి కూడా వెళ్లాలి.

ఇంటివాళ్లకు చెప్పడం

మామూలు మట్టిలోనూ కొంత సీసం ఉంటుంది, సాధారణంగా 10 నుంచి 50 పీపీఎం వరకు. ఇళ్ల నేలకు ఎంత దాటితే పట్టించుకోవాలి అన్నదానికి ఒకే సమాధానం లేదు. అమెరికా పర్యావరణ సంస్థ మొదట 400 అని చెప్పేది, 2024 జనవరిలో దాన్ని 200కు తగ్గించింది. కాలిఫోర్నియా వాడేది 80, కెనడా మార్గదర్శకం 140. ఏ హద్దుతో పోలుస్తున్నారో చెప్పకుండా ‘ప్రమాదకరం’ అనే మాట వాడకండి. హద్దు కింద వచ్చింది కదా అని ‘సురక్షితం’ అని కూడా అనకండి. పిల్లలకు హాని చేయని సీసం స్థాయి ఏదీ తేలలేదు.

ఫలితం కాగితం మీద, ఆ ఇంటివాళ్లకు, అందరికంటే ముందు. ఫోనులో అంకె ఒకటి చెప్పి పెట్టేయడం క్రూరత్వం. అదే సంభాషణలో వాళ్లు ఇవాళే చేయగలిగినవి చెప్పండి: ఖాళీ నేలను గడ్డితోనో చెక్కపొట్టుతోనో కప్పడం, చెప్పులు గుమ్మం బయట వదలడం, తినే ముందు పిల్లల చేతులు కడగడం, దుంపలు తోలు తీసి వండటం. తవ్వి పారబోయమని మాత్రం చెప్పకండి. పిల్లలకు రక్త పరీక్ష చేయించమనండి. వేలి కొనలో గుచ్చి తీసిన రక్తంలో ఎక్కువ వస్తే, వేలి మీది దుమ్ము కలిసి ఉండవచ్చు కాబట్టి, చేతి రక్తనాళం నుంచి తీసిన రక్తంతో మళ్లీ చూడాలి.

మిగిలిన మట్టిలో కొంత భాగాన్ని సీలు వేసి, పేర్లు రాసి, తాళం ఉన్న చోట దాచండి. ఎవరైనా మీ ఫలితాన్ని సవాలు చేస్తే అదే ఆధారం. తక్కినది ప్రయోగశాల వాళ్లకే అప్పగించండి, చెత్తబుట్టలోనో మీ పెరట్లోనో పోయకండి.