ఏళ్ల తరబడి సైకిలు తొక్కినవారు తమను తాము పరీక్షించుకోవడం ఎలా

తిరుపతిలో ఇరవై ఏళ్లుగా సైకిలు మీదే పనికి వెళ్లివస్తున్న మనిషిని సైకిలు శిక్షణ తీసుకొమ్మంటే, చేపకు ఈత నేర్పుతారా అన్నట్టు చూస్తాడు. అతని చూపులో కొంత న్యాయం ఉంది, ఎందుకంటే బ్యాలెన్సు, గేర్లు, ఏ సందులో ఆవు అడ్డం వస్తుందనే అంచనా అతనికి ఎవరూ నేర్పనక్కరలేదు. అయితే సైకిలుకు లైసెన్సు అవసరం లేనందువల్ల అతను తొక్కే తీరును ఇంతవరకు ఎవరూ పరీక్షించలేదు. దెబ్బ తగలని ప్రతి అలవాటూ సరైనదే అయినట్టు స్థిరపడిపోయింది. శిక్షణ వల్ల అనుభవజ్ఞులకు కలిగే అసలు మేలు ఇలాంటి అలవాట్లను బయటపెట్టడమే.

బ్రిటన్‌లో 2007లో మొదలైన బైకబిలిటీ అనే శిక్షణ మూడు స్థాయిల్లో సాగుతుంది: మొదటిది వాహనాలు లేని మైదానంలో, రెండవది రద్దీ తక్కువ రోడ్ల మీద, మూడవది రద్దీ కూడళ్లలో. చుట్టూ గమనించడం, రోడ్డు మీద తగిన చోటు ఎంచుకోవడం, మన ఉద్దేశాన్ని ఇతరులకు తెలపడం, ఎవరు ముందు వెళ్లాలో గ్రహించడం దాని సారం. అక్కడ కూడా వాహనాలు రోడ్డుకు ఎడమవైపే నడుస్తాయి కనుక ఆ పాఠాలు మనకు నేరుగా పనికొస్తాయి. అమెరికా వీడియోలు చూసేవారు మాత్రం కుడిఎడమలను తారుమారు చేసుకోవాలి.

ముందుగా మీరు రోజూ వెళ్లే దారినే, ఉదాహరణకు బాలాజీ కాలనీ నుంచి ఆర్టీసీ బస్టాండు వరకు ఉన్న దారిని, పరీక్షకు తీసుకోండి. బ్రహ్మోత్సవాల రోజుల్లో ఈ పని పెట్టుకోకండి. ఒక మిత్రుణ్ణి పది పదిహేను మీటర్ల వెనుక సైకిలు మీద రమ్మని కోరి, కుడివైపు జరిగే ముందు మీరు ఎన్నిసార్లు వెనక్కి చూశారో, ఆగి ఉన్న వాహనాలకు ఎంత దగ్గరగా వెళ్లారో, బస్సు ఎడమ పక్కన ఎన్నిసార్లు దూరారో లెక్కపెట్టమనండి. సలహాలు చెప్పవద్దని, లెక్క మాత్రమే చెప్పమని ముందే మాట తీసుకోవడం మంచిది, లేకపోతే స్నేహం చెడుతుంది.

చాలామందికి మొదట చిక్కేది వెనక్కి చూడటంలోనే. తల కుడికి తిప్పగానే భుజంతో పాటు హ్యాండిలూ కుడికి లాగుతుంది. అందుకే చాలామంది చూసినట్టు నటించి, వెనుక శబ్దాన్ని నమ్ముకుని జరుగుతారు. శబ్దం చేయని ఎలక్ట్రిక్ స్కూటర్లు వచ్చాక ఆ నమ్మకానికి ఆధారం పోయింది. తెల్లవారుజామున ఖాళీ మైదానంలో సున్నంతో ఒక గీత గీసి, మోచేతులను వదులుగా ఉంచి, గీత తప్పకుండా తొక్కుతూ గడ్డాన్ని భుజం మీదికి తెచ్చి వెనక్కి చూడండి. వెనుక నిలబడిన మిత్రుడు చూపిన వేళ్లెన్నో సరిగ్గా చెప్పగలిగితేనే చూసినట్టు లెక్క.

రెండవది చోటు. గాంధీరోడ్డులో ఆగి ఉన్న కార్ల పక్కన వెళ్లేటప్పుడు, తలుపు తెరుచుకున్నా తగలకుండా కనీసం మీటరు దూరం ఉంచాలి. నా వరకు నేను ఈ సంగతి ఒక తలుపు మోచేతికి తగిలిన తరువాతే నేర్చుకున్నాను. వెనుక వాహనం మిమ్మల్ని సురక్షితంగా దాటలేనంత ఇరుకైన చోట అంచును వదిలి వరుస మధ్యలోకి రమ్మని శిక్షకులు చెబుతారు. తిరుపతి ఇరుకు వీధుల్లో ఇది పనిచేస్తుంది, వెనుక హారన్లు మోగినా కాసేపు ఓర్చుకోవాలి. వాహనాలు వేగంగా దూసుకుపోయే రేణిగుంట రోడ్డు మీద మాత్రం నేను దీన్ని పాటించను. ఎడమ అంచున ఎదురు దిశలో వచ్చే మోటారు సైకిళ్ల విషయంలోనూ మన ఊరి అనుభవమే పెద్ద గురువు.

కూడలిలో ఆగిన బస్సుకు ఎడమ పక్కన దూరడం ఎంతటి అనుభవజ్ఞుడైనా మానుకోవలసిన అలవాటు. పొడవైన వాహనం ఎడమకు తిరిగేటప్పుడు వెనుక చక్రాలు ముందు చక్రాల దారిలో రాక, ఇంకా లోపలికి కోసుకుంటూ వస్తాయి. మీరు నిలిచిన ఖాళీ కాస్తా క్షణాల్లో మూసుకుపోతుంది. లీలామహల్ కూడలి వంటి చోట బస్సు వెనుకే ఆగితే పోయేది అర నిమిషం. కుడికి మళ్లడం కష్టమనిపిస్తే దిగి, సైకిలు నడిపించుకుంటూ దాటడంలో చిన్నతనం ఏమీ లేదు.

బ్రేకుల సాధన కూడా ఆ మైదానంలోనే చేయవచ్చు. గంటకు 20 కిలోమీటర్ల వేగంలో, తేరుకునే ఒక్క సెకనులోనే సైకిలు అయిదున్నర మీటర్లు ముందుకు పోతుంది. ఆపే శక్తి ఎక్కువగా ముందు బ్రేకుదే అయినా, దొర్లిపడతామనే భయంతో చాలామంది వెనుకదే పట్టి జారుతారు. శరీర బరువును వెనక్కి జరిపి, రెండు బ్రేకులనూ క్రమంగా బిగించడం అలవాటు చేసుకోండి. కార్తీక మాసపు వానల్లో రిమ్ము బ్రేకులు మొదట నీటిని తుడిచిన తరువాతే పట్టుకుంటాయి కనుక, ఒకసారి రిమ్ములను తడిపి కూడా ప్రయత్నించాలి.

నెల రోజుల తరువాత అదే దారిలో, అదే మిత్రుణ్ణి మళ్లీ వెనుక రమ్మనండి. ఈసారి ఏ రోజు వస్తాడో మీకు ముందుగా చెప్పవద్దని కోరండి. చూస్తున్నారని తెలిసినప్పుడు అందరమూ బాగానే తొక్కుతాము.