వేరుశనగ కాయలు ఒలిచే చేతి మిషన్: ప్రాజెక్టు కోసం ఎలా చేయాలి?

మెకానికల్ ఫైనలియర్‌లో చాలా బ్యాచ్‌లు ముందు ఫ్రేమ్ వెల్డింగ్ చేయించేస్తాయి. మేమూ అదే చేశాం. రంగు కూడా వేశాక కాయలు పోస్తే సగం నలిగాయి, సగం అలాగే జారిపోయాయి. మీరు ఫ్రేమ్‌ను చివర్లో పెట్టుకోండి.

మొదట కిలో కాయలు తెచ్చి, ఓ యాభై కాయల మందం వెర్నియర్‌తో కొలిచి రాసుకోండి. ఒలిచి పప్పు మందం విడిగా కొలవండి. హ్యాండిల్ తిప్పితే డ్రమ్ము తిరుగుతూ కాయల్ని కింది జల్లెడకేసి రుద్దుతుంది. ఆ డ్రమ్ముకీ, జల్లెడకీ మధ్య సందు కాయ మందం కంటే తక్కువగా, పప్పు మందం కంటే ఎక్కువగా ఉండాలి. అసలు మిషనంతా ఆ సందులోనే ఉంది.

ఆ కొలత తేల్చడానికి లేత్ అక్కర్లేదు. రెండు చెక్క ముక్కల మధ్య అంచుల్లో వాషర్లు పేర్చి, నడుమ కాయలు పెట్టి రుద్దండి. ఒక్కో వాషర్ తీస్తూ పోతే ఒకచోట తొక్క టప్పున పగిలి పప్పు నిండుగా బయటపడుతుంది. ఇంకో వాషర్ తీస్తే పప్పు బద్దలవుతుంది. ఈ రెండింటి మధ్య కొలతే మీ డ్రాయింగ్‌లోకి ఎక్కాలి.

తర్వాత చిన్న లెక్క. తిప్పే మనిషి నుంచి 60 వాట్లు వస్తాయనుకుందాం. నిమిషానికి 60 చుట్లయితే టార్క్, అంటే షాఫ్ట్‌ను (డ్రమ్ము ఇరుసును) తిప్పే బలం, దాదాపు 9.5 న్యూటన్ మీటర్లు. హ్యాండిల్ 25 సెంటీమీటర్లుంటే చేతి మీద పడే బలం సుమారు నాలుగు కిలోలు. అంతకు మించి కావాల్సి వస్తే డ్రమ్ము పొడవు తగ్గించండి.

షాఫ్ట్‌కు 20 మిల్లీమీటర్ల బ్రైట్ బార్ (నునుపు ఉక్కు కడ్డీ), దానికి యూసీపీ 204 బేరింగులు (ఆ సైజు షాఫ్ట్‌కు సరిపోయే, దిమ్మతో వచ్చే రకం) చాలు. జల్లెడ బిగించే రంధ్రాలు మాత్రం గుండ్రంగా వేయకండి, పొడవాటి స్లాట్లు కోయించండి. రకం మారితే కాయ సైజు మారుతుంది, సందు సర్దుకోవాలి కదా.

ఫ్రేమ్‌ను ముందు టాక్ (అక్కడక్కడా చుక్క వెల్డింగ్) మాత్రమే వేయించి, ఎదురు మూలల మధ్య రెండు కర్ణాల కొలతలూ సమానమో కాదో చూడండి. వెల్డింగ్ వేడికి చట్రం మెలి తిరుగుతుంది కాబట్టి, బేరింగ్ రంధ్రాలు పూర్తి వెల్డింగ్ అయ్యాకే మార్క్ చేయండి. డ్రమ్ము మీద చేయి పడకుండా రేకు మూత తప్పనిసరి.

పరీక్షలో కిలో కాయలు పోసి నిండు పప్పు, బద్దలు, ఒలవని కాయలు విడివిడిగా తూచండి. విత్తనానికి ఒలిపించుకునే రైతు చూసేది బద్దల కుప్పనే, బద్ద మొలవదు. కాలేజీలో ప్రాజెక్టు రివ్యూకి తీసుకెళ్లే కాయలు బాగా ఎండినవై ఉండాలి. తడి కాయ తొక్క పగలదు, సాగి నలుగుతుంది.