విండోస్‌లో కూర్చుని లినక్స్ డెస్క్‌టాప్ వాడటం: నేను పెట్టుకున్న సెటప్

నా ముందుండేది విండోస్ ల్యాప్‌టాప్. అసలు పనంతా నడిచేది పక్క గదిలోని ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) మెషీన్‌లో. టెర్మినల్‌తో తెమిలే పనికి ఎస్‌ఎస్‌హెచ్ (వేరే మెషీన్‌లో భద్రంగా కమాండ్లు నడిపే పద్ధతి) చాలు. గ్రాఫులు, బొమ్మలు చూడాల్సి వస్తే మాత్రం డెస్క్‌టాప్ మొత్తం కావాలి. దానికి నేను ఎక్స్‌ఆర్‌డీపీ వాడతాను, అంటే విండోస్ రిమోట్ డెస్క్‌టాప్‌కి లినక్స్ తెరని అందించే ప్రోగ్రామ్. విండోస్ వైపు ఏమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, రిమోట్ డెస్క్‌టాప్ కనెక్షన్ హోమ్ ఎడిషన్‌లో కూడా ఉంటుంది.

ముందు ఉబుంటులో ఆప్ట్‌తో (ప్రోగ్రామ్‌లు ఇన్‌స్టాల్ చేసే కమాండ్) ఎక్స్‌ఆర్‌డీపీ, ఎక్స్‌ఎఫ్‌సీఈ4, ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ ప్యాకేజీలు వేసుకోండి. ఉబుంటు మామూలు డెస్క్‌టాప్ నోమ్ ఉండగా ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే ఇంకో డెస్క్‌టాప్ ఎందుకంటే, అది తేలిక. నెట్‌వర్క్ మీద మౌస్ వెనకబడకుండా కదులుతుంది. తర్వాత హోమ్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే ఎక్స్‌సెషన్ అనే ఫైల్ చేసి, అందులో స్టార్ట్‌ఎక్స్‌ఎఫ్‌సీఈ4 అని ఒక్క లైను రాయండి. ఎక్స్‌ఆర్‌డీపీ అనే సిస్టమ్ యూజర్‌ని ఎస్‌ఎస్‌ఎల్-సర్ట్ గ్రూపులో చేర్చి, సర్వీసు రీస్టార్ట్ చేయండి. ఈ గ్రూపు సంగతి చాలామంది వదిలేస్తారు. అందులో లేకపోతే ఎక్స్‌ఆర్‌డీపీ సర్టిఫికెట్ తాళంచెవిని చదవలేకపోతుంది.

ఇప్పుడు విండోస్‌లో రిమోట్ డెస్క్‌టాప్ తెరిచి లినక్స్ మెషీన్ ఐపీ కొట్టండి. లాగిన్ పెట్టె వస్తుంది. సెషన్ దగ్గర ఎక్స్‌ఆర్గ్ ఉంచి, లినక్స్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇవ్వండి.

ఇక్కడే ఎక్కువమందికి టెన్షన్ మొదలవుతుంది. పాస్‌వర్డ్ తీసుకుంటుంది, తెర నల్లగా అవుతుంది, విండో మూసుకుపోతుంది. పాస్‌వర్డ్ తప్పేమో అని మళ్లీ మళ్లీ కొట్టకండి. అదే యూజర్ ఆ మెషీన్ మీద ముందే లాగిన్ అయి ఉండటమే చాలాసార్లు కారణం. స్క్రీన్ లాక్ చేస్తే సరిపోదు, లాగౌట్ అవ్వాలి. అప్పటికీ రాకపోతే వార్ ఫోల్డర్ కింద లాగ్‌లో ఎక్స్‌ఆర్‌డీపీ-సెస్‌మ్యాన్ ఫైల్ చివరి లైన్లు చదవండి. సెషన్ ఎక్కడ ఆగిపోయిందో చాలావరకు అక్కడే తెలుస్తుంది.

ఇంకో మాట, ఇది గట్టిగానే చెబుతున్నాను: బయటి నుంచి కనెక్ట్ అవ్వడానికి రూటర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టు తెరవకండి. పాస్‌వర్డ్‌లు ఊహించే ప్రోగ్రామ్‌లు ఇంటర్నెట్ అంతా ఆ పోర్టు కోసం వెతుకుతూనే ఉంటాయి. దానికి బదులు ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్ వేసుకోండి, అంటే రిమోట్ డెస్క్‌టాప్‌ని ఎస్‌ఎస్‌హెచ్ కనెక్షన్ లోపలి నుంచే పంపడం. విండోస్ 10 నుంచి ఎస్‌ఎస్‌హెచ్ క్లయింట్ విండోస్‌తోనే వస్తోంది. పవర్‌షెల్‌లో ఎస్‌ఎస్‌హెచ్ అని కొట్టి, హైఫన్‌తో పెద్ద ఎల్, ఆ పక్కన 3390:లోకల్‌హోస్ట్:3389, చివర్లో యూజర్‌నేమ్, అట్ గుర్తు, మెషీన్ అడ్రస్ ఇవ్వండి. ఆ కిటికీ తెరిచే ఉంచి, రిమోట్ డెస్క్‌టాప్‌లో లోకల్‌హోస్ట్:3390 కొట్టండి. 3390 ఎందుకంటే, 3389ని విండోసే తన కోసం వాడుతూ ఉండొచ్చు. ఇక ఉబుంటు ఫైర్‌వాల్ యూఎఫ్‌డబ్ల్యూలో ఎస్‌ఎస్‌హెచ్‌కి మాత్రం అనుమతి ఇచ్చి 3389ని మూసేయవచ్చు. ఎస్‌ఎస్‌హెచ్‌కి కూడా కీ పెట్టుకుని, పాస్‌వర్డ్ లాగిన్ ఆపేయండి.

విండో మూసేస్తే సెషన్ పోదు. రాత్రంతా నడవాల్సిన పని ఉంటే ఊరికే మూసేయండి, పొద్దున కనెక్ట్ అయితే అన్నీ అలాగే ఉంటాయి. కలర్ డెప్త్ సెట్టింగ్ మాత్రం మార్చకండి, మారిస్తే కొత్త సెషన్ తెరుచుకుంటుంది. పని అయిపోయాక మెనూలోంచి లాగౌట్ అవ్వండి. లేకపోతే ఆ సెషన్ మెమరీ తింటూ అక్కడే ఉండిపోతుంది.