ఆన్‌లైన్‌లో డాక్యుమెంటరీ ఫోటోగ్రఫీ నేర్చుకునే విధానం

కోర్సులో చేరే ముందు వీడియో పాఠాల సంఖ్య చూడకండి. మీ ఫోటోలను ఎవరు, ఎన్నాళ్లకోసారి పరిశీలించి లోపాలు చెబుతారో అడిగి తెలుసుకోండి. కెమెరా ఏదైనా ఫరవాలేదు.

చేరిన మొదటి వారంలోనే, నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్న అంశాన్ని ఎంచుకోవాలి, నిజ జీవితాన్ని ఉన్నదున్నట్టు చూపే ఈ విద్యలో అసలు పని ఒకే చోటికి పదేపదే వెళ్లడమే కాబట్టి. గడియారాలు బాగుచేసే ఒక వ్యక్తిని, ఆయన అనుమతి తీసుకుని, మీరు ఫోటోలు తీస్తున్నారనుకోండి. మొదటి రోజు ఆయన బిగుసుకుపోయి కెమెరా వైపే చూస్తారు, నాలుగో రోజుకు మిమ్మల్ని మరచిపోయి, కంటికి భూతద్దం తగిలించుకుని, ఊపిరి బిగబట్టి, ఆవగింజంత మరను పట్టకారుతో బిగిస్తారు. మీకు కావలసిన ఫోటో అదే.

ఫ్రేములను, అంటే తీసిన వాటిలో ఒక్కో చిత్రాన్ని, ఎంచుకోవడం నేర్చుకోవడానికి, 1936లో అమెరికన్ ఫోటోగ్రాఫర్ డొరొతియా లాంగ్ కాలిఫోర్నియాలో ఒక వలస కూలీ తల్లిని తీసిన వరుస చిత్రాలను అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైటులో చూడండి. డేరా అంతా కనిపించే ఫ్రేముకూ, తల్లి ముఖమూ గడ్డం దగ్గరి చేయీ కేంద్రమైన ఫ్రేముకూ మధ్య లాంగ్ వేటిని వదిలేశారో రాసుకోండి.

ప్రతి ఫోటోకూ తేదీ, స్థలం, సందర్భం అదే రోజు రాసి, ఆ తర్వాతే సమీక్షకు పంపండి.