ఏ రోజు చిల్లర ఆ రోజే

విశాఖపట్నం సిటీ బస్సుల్లో ఇరవై ఆరేళ్ళు కండక్టరుగా చేశాను. డ్యూటీ దిగాక డిపోలో వేబిల్లు సరిచూసుకుని, క్యాష్ కట్టేశాకే ఇంటికి బయల్దేరేవాణ్ణి. రిటైరయ్యాక కూడా రాత్రి భోజనం తర్వాత ఓ పది నిమిషాలు లెక్క చూసుకుంటూనే ఉన్నాను. మనుషులతో నాకున్న లెక్క. దీనివల్ల నిద్ర బాగా పడుతోంది, ఇంట్లో మాటలు మెత్తబడ్డాయి. అందుకే ఎలా చేయాలో రాస్తున్నాను. ఒక చిన్న నోటుబుక్కు, పెన్ను ఉంటే చాలు.

ముందు ఇది నాకెలా పట్టుకుందో చెప్పాలి. ఒక పొద్దున్న పాత పోస్టాఫీసు దగ్గర ఓ పెద్దావిడ చేపల గంపతో బస్సెక్కింది. జగదాంబ జంక్షన్‌కి టికెట్. చిల్లర లేక టికెట్ వెనక ‘3’ అని రాసిచ్చాను. స్టాపు రాగానే "బాబూ, నా మూడ్రూపాయలు" అంది. వెనక జనం తోసుకుంటున్నారు. "రేపిస్తాలే, దిగమ్మా ముందు!" అని కసిరి రైట్ చెప్పేశాను. ఆవిడ ఆ టికెట్ పట్టుకుని బస్సు వైపే చూస్తూ నిలబడిపోయింది. నాలుగు రోజుల తర్వాత మళ్ళీ కనిపిస్తే మూడు రూపాయలూ చేతిలో పెట్టాను. "ఆ వేళ టీ తాగలేదు బాబూ" అంది. కోపంగా కాదు, మామూలుగానే అంది. ఆ మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. మర్నాటి నుంచి డ్యూటీ ఎక్కే ముందే టీ కొట్టులో వంద రూపాయలకు చిల్లర మార్చుకునేవాణ్ణి.

ఇక పద్ధతి. నోటుబుక్కులో ఒక పేజీని మూడు భాగాలు చేయండి: ఇవ్వాల్సినవి, రావాల్సినవి, అందినవి.

మొదటి దాంట్లో ఆ రోజు మీరు పడ్డ చిన్న చిన్న బాకీలు రాయండి. చేస్తానని చేయని ఫోను, తిరిగివ్వని గొడుగు, చెప్పడం మర్చిపోయిన థాంక్స్. పెద్ద విషయాల జోలికి వెళ్ళకండి, వాటితో మొదలుపెడితే మూడో రోజుకే పుస్తకం మూలన పడుతుంది. రాసినవాటిలో ఒక్కటైనా ఆ రాత్రే తీర్చేయాలి. ఫోను అయితే వెంటనే చేసేయండి.

అన్నిటికన్నా కష్టమైన బాకీ సారీ. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి వెళ్ళినవాళ్ళకు తెలుసు, అక్కడ అమ్మవారి మీద పైకప్పు ఉండదు, ఎవరి పూజ వాళ్ళే తమ చేతులతో చేసుకుంటారు. సారీ కూడా అలాగే చెప్పాలి. "మీ అమ్మతో చెప్పు, నాన్న బాధపడుతున్నాడని" అంటూ పిల్లల చేత కబురు పంపడం నేను చాలా ఏళ్ళు చేశాను. అది చెల్లదు. ఎదురుగా వెళ్ళి, చేసిందేమిటో పేరు పెట్టి చెప్పాలి. "పొద్దున్న చుట్టాల ముందు నీమీద అరిచాను. తప్పు నాది." అంతే, అక్కడితో ఆపేయాలి. తర్వాత ‘కానీ’ అన్నారంటే చెప్పింది వెనక్కి తీసుకున్నట్టే. అవతలివాళ్ళు వెంటనే మెత్తబడకపోతే విసుక్కోవద్దు. వాళ్ళకు టైం కావాలి.

రెండోది, రావాల్సినవి. ఇక్కడ జాగ్రత్త. అన్నీ వదిలేయమని నేను చెప్పను. ఇంటి అద్దెకో పిల్లల ఫీజుకో అవసరమైన డబ్బు ఎవరైనా ఇవ్వాల్సి ఉంటే మొహమాటం లేకుండా అడగండి, ఫలానా తారీఖు అని చెప్పించుకోండి. మనసులో తిట్టుకుంటూ పైకి నవ్వడం కన్నా అదే మర్యాద. ఇక "అంత చేస్తే ఒక్క మాటైనా అనలేదు", "పెళ్ళికి పిలవలేదు" లాంటివి ఉంటాయి చూడండి, వాటిని రాసి అప్పుడే కొట్టేయండి. కలంతో గీత గీస్తే నిజంగానే టెన్షన్ తగ్గుతుంది.

మూడోది అందినవి. రోజుకొకటి చాలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్ళాక మా వీధిలో కరెంటు లేదు, కుళాయి రాలేదు. ఎదురింటి వాళ్ళ చేతిబోరు దగ్గర లైన్లో నిలబడి తెచ్చిన రెండు బిందెలతో నలుగురం రోజంతా గడిపాం. అందుకే ఇప్పటికీ నా పేజీలో ‘నీళ్ళు వచ్చాయి’ అన్న మాట తరచూ కనిపిస్తుంది.

అందినవాటిలో కొన్ని తిరిగి తీర్చలేం. ఒక ఏడాది సింహాచలం గిరి ప్రదక్షిణలో, ఆ 32 కిలోమీటర్లలో హనుమంతవాక దాటేసరికి నా మోకాలు పట్టేసింది. ఎవరో కాలేజీ కుర్రాడు కూర్చోబెట్టి, కాలికి స్ప్రే కొట్టి, మజ్జిగ గ్లాసు చేతికిచ్చాడు. "లేవండి తాతగారూ, నెమ్మదిగా వెళ్ళండి" అన్నాడు. పేరు అడిగేలోపే ఇంకొకరి దగ్గరికి వెళ్ళిపోయాడు. ఇలాంటివాటి పక్కన ‘ముందుకు’ అని రాసుకోండి, అంటే ఇంకెవరికో ఇవ్వాలని. అప్పట్నుంచి ఆషాఢ పౌర్ణమి ముందు రోజు నేనూ, మా ఆవిడా రోడ్డు పక్కన మజ్జిగ బిందెతో నిలబడుతున్నాం.

రోజూ కుదరకపోతే వారానికి నాలుగు రోజులు చేయండి. మానేసిన రోజులవి గుర్తు తెచ్చుకుని రాయక్కర్లేదు.

ఇవాళ్టి నా పేజీలో మొదటి గళ్ళో ఒకటే ఉంది: పైపోర్షన్ అమ్మాయి మొన్న పులిహోర పెట్టి పంపిన స్టీలు గిన్నె. ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదు కదా, మా ఆవిడ అందులో నాలుగు జామకాయలు వేసింది. వాళ్ళింట్లో ఇంకా లైటు వెలుగుతోంది. ఇచ్చి వస్తాను.