ఆర్మీ ఆఫీసరుకి లెటర్ పెట్టే ముందు ఇవి చూసుకోండి

కాలేజీ ఫంక్షన్‌కి సికింద్రాబాద్ నుంచి ఆఫీసర్‌ని పిలవాలన్నా, వైజాగ్‌లో తూర్పు నౌకాదళానికి అర్జీ పెట్టాలన్నా ముందు ర్యాంకు కనుక్కోండి, అదీ ఇప్పటి ర్యాంకు, ఎందుకంటే నెట్‌లో పాత ఫొటో కింద కల్నల్ అని ఉన్నాయన ఈపాటికి బ్రిగేడియర్ అయిపోయి ఉండొచ్చు.

- ర్యాంకు పేరుకి ముందే. అది ఉన్నాక శ్రీ అక్కర్లేదు. తెలుగులో రాస్తే చివర గారు పెట్టుకోండి.
- కవరు మీద 'లెఫ్టినెంట్ జనరల్' అని పూర్తిగా రాయాలి, లోపల 'డియర్ జనరల్' చాలు.
- పతకాలు పేరు తర్వాత. పీవీఎస్ఎం (పరమ విశిష్ట సేవా మెడల్) ముందు, ఆ తర్వాతే ఏవీఎస్ఎం (అతి విశిష్ట సేవా మెడల్), వీఎస్ఎం (విశిష్ట సేవా మెడల్). తారుమారు చేసేకంటే ఒకసారి వాళ్ల ఆఫీసుకి ఫోన్ చేసి అడగడం నయం, ఏమీ అనుకోరు.
- రిటైరైతే ఆ మాట పేరు తర్వాత బ్రాకెట్లో. 'రిటైర్డ్ బ్రిగేడియర్' అని ముందు తగిలిస్తే చాలామందికి చిర్రెత్తుతుంది. రిటైరయ్యేది మనిషి, ర్యాంకు కాదు అంటారు, నిజమే కదా!
- నేవీ కెప్టెన్ అంటే ఆర్మీలో కల్నల్‌తో సమానం, చిన్న ఆఫీసరనుకునేరు.
- సంతకం పెన్నుతో పెట్టండి, కింద పేరు, హోదా, ఫోన్ నంబరు విడిగా. సంతకం చూసి పేరు పోల్చుకోవడం ఎవరి తరమూ కాదు. జై హింద్ మీ ఇష్టం.