టికెట్లన్నీ 'ఇతరములు'లోకే పోతున్నాయా?

హెల్ప్ డెస్క్‌లో టికెట్లు (అంటే యూజర్లు పంపే ఫిర్యాదులు, రిక్వెస్టులు) చాలావరకు 'ఇతరములు' అనే వర్గంలోనే పడుతుంటే తప్పు యూజర్లది కాదు, మనం పెట్టిన వర్గాల జాబితాది. నెలాఖరున ప్రింటర్ ఆగిపోయి టెన్షన్‌లో ఉన్న అకౌంట్స్ మేడమ్‌గారికి అది హార్డ్‌వేర్ సమస్యో, డ్రైవర్ సమస్యో, నెట్‌వర్క్ సమస్యో ఎలా తెలుస్తుంది? ఆవిడకు తెలిసిందల్లా ప్రింట్ రావట్లేదని.

కాబట్టి యూజర్‌కి కనిపించే జాబితాలో లక్షణాలే పెట్టండి: 'ప్రింట్ రావట్లేదు', 'లాగిన్ అవ్వట్లేదు', 'కొత్త ల్యాప్‌టాప్ కావాలి'. ఏడెనిమిది చాలు, అంతకు మించితే ఎవరూ చదవరు. 'అర్జెంట్' అనేదాన్ని మాత్రం అందులో చేర్చకండి. అది ప్రయారిటీ, వర్గం కాదు. చేర్చారంటే ఇక మౌస్ పాడైనా అర్జెంటే!

అసలు కారణానికి వేరే ఫీల్డ్ పెట్టి, టికెట్ మూసేటప్పుడు టెక్నీషియన్ చేత నింపించండి. నోటిమాటగా చెబితే రెండు వారాలకు మించి నడవదు. అది నింపనిదే టికెట్ క్లోజ్ కాకుండా సెట్టింగ్ పెట్టేయండి, ఫ్రెష్‌డెస్క్, జెండెస్క్ అనే హెల్ప్ డెస్క్ సాఫ్ట్‌వేర్లు రెండింటిలోనూ ఆ సౌకర్యం ఉంది.

తర్వాత నెలకోసారి 'ఇతరములు' తెరిచి సబ్జెక్టు లైన్లు చదవండి. 'వీపీఎన్' అనో 'షేర్డ్ ఫోల్డర్' అనో పదేపదే కనిపిస్తే దానికి విడిగా ఓ వర్గం ఇచ్చేయొచ్చు. ఎవరూ వాడని పాత వర్గాలను కొత్త టికెట్లలో కనిపించకుండా డిసేబుల్ చేయండి చాలు. డిలీట్ చేస్తే పాత రిపోర్టుల లెక్కలు తేడా వస్తాయి.